పవర్ బటన్ నొక్కితే చడీచప్పుడు లేదు: మా డీటీపీ కంప్యూటర్‌తో మూడు రోజులు

పొద్దున్న ఏడున్నరకి షాపు తీసి, ఎప్పటిలాగే అగరొత్తి వెలిగించి, కంప్యూటర్ బటన్ నొక్కాను. ఏమీ లేదు. ఫ్యాన్ తిరగలేదు, ముందున్న లైటు వెలగలేదు, రోజూ వినపడే చిన్న బీప్ వినపడలేదు. మళ్లీ నొక్కాను. నొక్కి పట్టుకున్నాను. రాయికి చెప్పుకున్నట్టే ఉంది.

అది 2022 ఆగస్టు, శ్రావణ మాసం. జూలైలో వచ్చిన వరద 1986 తర్వాత మా వాళ్లు చూసిన పెద్ద వరద. లంకల్లో ఇళ్ల బురద ఇంకా కడుక్కుంటూనే ఉన్నారు, ఇంతలో గోదావరి మళ్లీ పెరిగింది. ముందు రోజు సాయంత్రం వానకి పోయిన కరెంటు తెల్లవారుజామున ఎప్పుడో వచ్చింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మాది కోనసీమలో మలికిపురం దాటాక సముద్రం వైపు ఊరు. రోడ్డు పక్క గదిలో నా డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకి పేజీలు కూర్చే పని), జిరాక్స్ షాపు. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, ఇవీ నా పనులు. కంప్యూటర్ 2012లో కొన్నది. విండోస్ 7, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0, తెలుగు అక్షరాల అను ఫాంట్లు. కొత్తది కొనుక్కోరాదా అని అందరూ అంటారు. తెలుగు డీటీపీ చేసేవాళ్లకి మాత్రం తెలుసు ఆ మాట ఎంత బరువో. పేజ్‌మేకర్ 7.0తోనే ఆగిపోయింది, అది 2001 నాటిది. అను ఫాంట్లు యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనపడే రకం, కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట కొమ్ములూ చుక్కలూ పెట్టిన ఇంగ్లిష్ అక్షరాలు కనపడతాయి. పదేళ్లుగా నేను కూర్చిన ప్రతి కార్డూ ఆ ఒక్క పెట్టెలోనే ఉంది. అది లేవకపోతే షాపు లేవదు.

దానికి తోడు ఆ వారంలో ఒక పెళ్లి కార్డు ఉంది. పిల్ల తండ్రి లంకలో ఉంటారు. జూలైలో ఇంట్లోకి నడుం లోతు నీళ్లొచ్చినా ముహూర్తం మార్చుకోలేదు. నాలుగు వందల కార్డులు. ప్రూఫు చూసి, పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒక అక్షరం దిద్దమని చెప్పి వెళ్లారు. ఆ ఒక్క అక్షరం దిద్ది, ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు తీసి స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లకి పంపడమే మిగిలింది.

మొదట గోడ దగ్గర మొదలుపెట్టాను. టెస్టర్ పెడితే వెలిగింది. అక్కడితో కరెంటు ఉందనుకోవడం తప్పు. న్యూట్రల్ పోయినా టెస్టర్ వెలుగుతుంది, ఎందుకంటే అది ఒక్క ఫేజునే చూస్తుంది. అందుకే అదే సాకెట్‌కి టేబుల్ ఫ్యాన్ పెట్టి చూశాను. హాయిగా తిరిగింది. తర్వాత యూపీఎస్. రాత్రంతా కరెంటు లేక దాని బ్యాటరీ అడుగంటింది, అదే పాడైందేమోనని అనుమానం. యూపీఎస్ తీసేసి కంప్యూటర్‌ని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టాను. లేదు. పవర్ కేబుల్ తేడా చేసిందేమోనని మానిటర్ కేబుల్ తీసి కంప్యూటర్ పెట్టెకి పెట్టాను. రెండింటికీ ఒకే రకం కేబుల్ పడుతుంది, కాబట్టి ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. లేదు. గోడ కరెంటుని కంప్యూటర్‌కి తగ్గ వోల్టులకి మార్చే డబ్బా ఎస్‌ఎంపీఎస్. వెనక దాని మీద ఉండే చిన్న స్విచ్చి చూశాను. ఆన్‌లోనే ఉంది. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టి, లోపల మిగిలిన కరెంటు పోయాక మళ్లీ పెట్టి చూశాను. హెచ్చుతగ్గులు వచ్చినప్పుడు ఎస్‌ఎంపీఎస్ తనంతట తాను మొరాయిస్తుంది, ఇలా చేస్తే ఒక్కోసారి తేరుకుంటుంది. అదీ లేదు.

ఇక క్యాబినెట్, అంటే కంప్యూటర్ పెట్టె, తెరిచాను. ప్లగ్గు పీకాకే, అది వేరే చెప్పక్కర్లేదు. మా ఊళ్లో క్యాబినెట్ తెరవడం అంటే దుమ్ము ఒకటే కాదు. ఉప్పుగాలి, తేమ, వానాకాలం వస్తే చీమలు, బల్లులు. స్క్రూల తలల మీద తుప్పు ఉంది. మూల ఒక బల్లి గుడ్డు పెంకు. పెయింటు బ్రష్షుతో మెల్లగా తుడిచాను. ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లని రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. ఇది అందరూ చేసేదే, నేనూ చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే అక్కడ అది వృథా పని. ర్యామ్ తేడా చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, బీప్‌లు వస్తాయి, తెర మీద బొమ్మ రాదు, అంతే. ఫ్యాన్ కూడా కదలనప్పుడు దోషం ర్యామ్ కంటే ముందే ఎక్కడో ఉంటుంది. కరెంటు వచ్చే దారి వెంటే వెళ్లాలి, అలవాటైన పని వెంట కాదు.

ప్లగ్గు పెట్టి చూస్తే, భాగాలన్నీ తగులుకుని ఉండే పెద్ద పలక, అదే మదర్‌బోర్డు, దాని మీద మూల ఒక చిన్న ఆకుపచ్చ లైటు వెలుగుతోంది. దాన్ని చూసి ఎంత ధైర్యం వచ్చిందో. బోర్డుకి కరెంటు అందుతోంది, అయితే దోషం బటన్‌ది అనుకున్నాను. బటన్ నుంచి వచ్చే రెండు సన్నని వైర్లు బోర్డు మీద రెండు పిన్నులకి తగులుకుని ఉంటాయి. ఆ వైర్లు లాగేసి, స్క్రూడ్రైవర్ మొనతో ఆ రెండు పిన్నుల్నీ ఒక్క క్షణం కలిపితే బటన్ నొక్కినట్టే. కలిపాను. ప్రాసెసర్ మీది ఫ్యాన్ ఒక్కసారి, వేలెడు దూరం, కదిలి ఆగిపోయింది. మళ్లీ కలిపితే అదీ లేదు.

మా ఆయన కొబ్బరి దింపుకి వెళ్తూ ఆగి చూశారు. "ఎందుకు దానితో కుస్తీ, నరసాపురం పట్టికెళ్లిపోదాం" అన్నారు.

మామూలు రోజుల్లో అయితే సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, ఎక్కితే కాసేపట్లో అవతల నరసాపురం. వరదకి పంటు ఆపేశారు. ఆటోలో క్యాబినెట్ ఒళ్లో పెట్టుకుని దిండి, చించినాడ వంతెన, పాలకొల్లు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాం. వంతెన మీద నుంచి చూస్తే వశిష్ఠ గోదావరి ఎర్రగా, గట్టు నుంచి గట్టు దాకా. ఎక్కడిదో ఒక అరటి తోట తేలుకుంటూ వెళ్తోంది.

ఆ షాపు పేరు చెప్పను. కుర్రాడు మంచివాడే, పని మీద ధ్యాస ఉన్నవాడే. క్యాబినెట్ విప్పి, ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి వెళ్లే పెద్ద 24 పిన్నుల కనెక్టరు పీకి, జెమ్ క్లిప్‌ని విప్పదీసి దాంతో పచ్చ వైరునీ నల్ల వైరునీ కలిపాడు. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ గిర్రున తిరిగింది.

"చూశారా మేడమ్, ఎస్‌ఎంపీఎస్ బాగుంది. అది బాగుండి కూడా కంప్యూటర్ ఆన్ అవ్వట్లేదంటే మదర్‌బోర్డు పోయినట్టే. ఈ మోడల్ బోర్డులు ఇప్పుడు దొరకవు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చుకోవాలి. పద్నాలుగు వేలవుతుంది."

"విండోస్ 7 ఎక్కుతుందా బాబూ?"

"అదేం పని చేస్తుంది మేడమ్, 10 వేసిస్తాను."

అప్పుడు నాకు పట్టిన టెన్షన్ చెప్పలేను. డబ్బు సంగతి ఒకటి. కొత్త బోర్డు మీద పాత విండోస్ సరిగ్గా ఎక్కదు, పాత విండోస్ లేకుండా నా పేజ్‌మేకర్, నా ఫాంట్లు ఎలా కుదురుతాయో తెలియదు. కార్డు మళ్లీ మొదటి నుంచి కూర్చాలా? ఆ ఇంటిపేరు, ఆ తాతల పేర్లు, ప్రూఫులో రెండుసార్లు దిద్దినవన్నీ మళ్లీనా? ఒకటి మాత్రం అడిగాను. హార్డ్ డిస్క్ బాగుందో లేదో చూసి చెప్పమన్నాను. బయట నుంచి కరెంటిచ్చే కేబుల్ పెట్టి వాళ్ల కంప్యూటర్‌కి తగిలించాడు. ఫైళ్లన్నీ ఉన్నాయి. ఏడుపొచ్చినంత పనయింది. పెన్‌డ్రైవ్‌లోకి కార్డుల ఫోల్డరు మొత్తం ఎక్కించుకుని, "ఇంట్లో మాట్లాడుకుని చెబుతాం" అని క్యాబినెట్ తిరిగి తెచ్చేసుకున్నాం.

దారంతా ఆ కుర్రాడి మాటే తిప్పితిప్పి ఆలోచించాను. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగింది, నిజమే. నేను కళ్లారా చూశాను. కానీ ఇంట్లో స్క్రూడ్రైవర్ పెట్టినప్పుడు బోర్డు మీది ఫ్యాన్ వేలెడు కదిలింది. చచ్చిపోయిన బోర్డు కదులుతుందా? ఆ కదలిక నన్ను వదల్లేదు.

మలికిపురంలో టీవీలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. డబ్బా టీవీల కాలం నుంచీ అదే పని. మా నాన్నగారి స్నేహితులు, నేను బాబాయ్ గారంటాను. ఈమధ్య కళ్లు సరిగ్గా కనపడక పని తగ్గించుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఆయన దగ్గరికి క్యాబినెట్ పట్టుకెళ్లాను.

"కంప్యూటర్లు నాకేం తెలుసమ్మాయ్" అన్నారు మొదట. జరిగిందంతా వరుసగా చెప్పాను. రాత్రంతా కరెంటు లేదన్న దగ్గర ఆపారు.

"ఆగు. అంతకుముందు రోజూ దీనికి కరెంటు పీకేసేదానివా?"

"లేదు బాబాయ్ గారూ. కంప్యూటర్ షట్‌డౌన్ చేస్తాను గానీ యూపీఎస్ ఆన్‌లోనే ఉంటుంది. ఎప్పుడూ తీయను."

"ఆయ్. అంటే ఇది ఎప్పుడూ వెచ్చగానే ఉందన్నమాట. మొన్న రాత్రి ఒక్కసారి చల్లారింది. చల్లారాక లేవలేదు." కళ్లజోడు సర్దుకుని వోల్టేజీ కొలిచే మీటర్ తీశారు. "టీవీల్లోనూ ఇంతేనమ్మా. కండెన్సర్ ముసలిదైతే నడుస్తున్నంతసేపూ నడుస్తుంది. ఒకసారి ఆపావంటే మళ్లీ లేవదు."

కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో ఏ వైరు ఏమిటో ఆయనకి తెలియదు. అది నేను ఫోన్లో చూసి చెప్పాను. ఆయన అర్థం చెప్పారు. ఇద్దరం కలిసి చేసిన పని ఇది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఎస్‌ఎంపీఎస్ నిజానికి ఒకే పెట్టెలో రెండు యంత్రాలు. పెద్దది బటన్ నొక్కాక లేచి 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు ఇస్తుంది. పసుపు వైరు 12, ఎర్రది 5, నారింజ రంగుది 3.3. చిన్నది మాత్రం ఎప్పుడూ నిద్రపోదు. గోడ దగ్గర స్విచ్చి ఆన్‌లో ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆపేసి ఉన్నా సరే, ఊదా రంగు వైరు మీద 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. దాన్నే స్టాండ్‌బై అంటారు. మనం బటన్ నొక్కినట్టు బోర్డు కనిపెట్టేది ఈ స్టాండ్‌బై కరెంటుతోనే. కనిపెట్టాక బోర్డు పచ్చ వైరుని నేలకి, అంటే నల్ల వైరులాగే సున్నా వోల్టులకి, లాగుతుంది, అప్పుడు పెద్ద యంత్రం లేస్తుంది. అంటే కాపలావాడికి ఓపిక లేకపోతే ఇంటాయన ఎంత బలవంతుడైనా తలుపు తెరుచుకోదు.

మరి జెమ్ క్లిప్ పరీక్షలో జరిగేదేమిటి? బోర్డు చేయాల్సిన పని మనం క్లిప్‌తో చేసేస్తాం, పచ్చ వైరుని నేలకి కలిపేస్తాం. బోర్డు పీకేసి ఉంది కాబట్టి స్టాండ్‌బై మీద ఏ బరువూ లేదు. ఒట్టి చేతులతో నిలబడమంటే ఎవరైనా నిలబడతారు. ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా చావలేదని మాత్రమే తెలుస్తుంది. బాగుందని తెలియదు. నరసాపురంలో జరిగిన పొరపాటు సరిగ్గా ఇదే. దాని ఖరీదు పద్నాలుగు వేలయ్యేది.

బాబాయ్ గారు మీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టారు. మొదట కనెక్టరు పీకేసి, నల్ల పుల్ల నల్ల వైరుకి, ఎర్ర పుల్ల ఊదా వైరుకి. 5.06. బాగుంది. అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 4.75 నుంచి 5.25 దాకా సరే.

తర్వాత కనెక్టరు బోర్డుకి పెట్టేసి, దాని వెనక వైపు వైర్లు దూరే సందులోంచి ఎర్ర పుల్ల మొన లోపలికి పోనిచ్చి, మళ్లీ అదే ఊదా వైరు చూశాం. ఈ పని చేసేటప్పుడు పుల్ల జారి పక్క పిన్నుకి తగలకూడదు, చెయ్యి నిలకడగా ఉండాలి. ఆయన కళ్లు, నా చెయ్యి.

3.41.

నేను మళ్లీ చూశాను. 3.40, 3.42, అక్కడక్కడే ఊగుతోంది. బోర్డు మీది ఆకుపచ్చ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. ఆ లైటుకి అంత తక్కువైనా చాలు. నాకు ముందు రోజు ధైర్యమిచ్చిన లైటు అది, కానీ దానికి వోల్టేజీ ఉందని తెలుసు గానీ ఎంత ఉందో తెలియదు.

"దొరికింది బాబాయ్ గారూ" అన్నాను.

"ఇంకా దొరకలేదమ్మాయ్" అన్నారాయన. "ఎస్‌ఎంపీఎస్ బలహీనమై పడిపోతోందా, లేక నీ బోర్డులో ఎక్కడో షార్టై ఎక్కువ లాగేస్తోందా? రెండూ ఇలాగే కనపడతాయి."

ఈ మాట కోసమే నేనిదంతా రాస్తున్నానేమో. అక్కడ ఆగిపోయి ఉంటే నేనూ ఆ కుర్రాడిలాగే సగం పరీక్షతో తీర్పు చెప్పేసేదాన్ని, కాకపోతే అవతలి వైపుకి. రెండు అనుమానాలు ఉన్నప్పుడు రెంటినీ విడదీసే పరీక్ష ఒకటి కావాలి. సులువైనది ఏమిటంటే బాగున్న ఇంకో ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టి చూడటం. మా దగ్గర లేదు. ఆయన రేకు డబ్బాలో వెతికి కరెంటుకి అడ్డుపడే తెల్లని సిమెంటు రెసిస్టర్ ఒకటి తీశారు. 10 ఓమ్‌లు, 5 వాట్లు. అది చూపించి లెక్క చెప్పారు. 5 వోల్టుల మీద 10 ఓమ్‌లు పెడితే అర ఆంపియర్ లాగుతుంది, అంతకు మించి లాగదు. రెసిస్టర్‌లో షార్టు ఉండదు, అది అబద్ధం చెప్పదు.

ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కరు చూశాం. ఊదా వైరు, అంటే స్టాండ్‌బై లైను, 2 ఆంపియర్లు ఇస్తుందని రాసి ఉంది. బోర్డు కనెక్టరు పీకేసి, ఊదా వైరుకీ నల్ల వైరుకీ మధ్య రెసిస్టర్ పెట్టి, ప్లగ్గు పెట్టి మీటర్ చూశాం.

3.28.

బోర్డు అసలు లేదు అక్కడ. ఒట్టి ఎస్‌ఎంపీఎస్, ఒక రెసిస్టర్. రెండు ఆంపియర్లు మోస్తానని ఒంటి మీద రాసుకున్నది అర ఆంపియర్ కూడా మోయలేక కూలబడింది. నా బోర్డు నిర్దోషి. నేను ఆ బల్ల దగ్గరే కూర్చుండిపోయాను. బాబాయ్ గారు ఏమీ అనకుండా టీ తెప్పించారు.

ఆ తర్వాత ఆయన ఎస్‌ఎంపీఎస్ విప్పి చూపించారు. ఇది మాత్రం ఎవరూ ఇంట్లో చేయకండి. 230 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారితే 300 వోల్టులు పైనే ఉంటుంది, ప్లగ్గు పీకాక కూడా పెద్ద కెపాసిటర్‌లో (బాబాయ్ గారు కండెన్సర్ అన్నది దీన్నే) కొంతసేపు నిలవ ఉంటుంది. ముట్టుకుంటే మనిషి ప్రాణం తీయగలదు. ఆయన నలభై ఏళ్లుగా ఆ పని చేసిన మనిషి, ముందు బల్బు తగిలించి ఆ కెపాసిటర్‌ని ఖాళీ చేశాకే చెయ్యి పెట్టారు. లోపల అల్యూమినియం రేకుకి ఆనుకుని వేడి తగిలే చోట రెండు చిన్న కెపాసిటర్లు. ఒకదాని నెత్తి చదునుగా ఉండాల్సింది పూరీలా ఉబ్బింది. స్టాండ్‌బై లైనుదే అది.

ఎందుకు అదే పోయిందంటే, పదేళ్లు ఒక్క గంట కూడా విశ్రాంతి లేకుండా పనిచేసింది అదొక్కటే. కెపాసిటర్ లోపల ద్రవం ఉంటుంది, వేడికి అది ఆరిపోతూ వస్తుంది. ఉండే చోట వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని లెక్క. రేకు పక్కన పెట్టారు దాన్ని. గాలి ఆడని మా షాపు మూల, దుమ్ము పట్టిన ఫ్యాన్. పైగా మా వైపు రాత్రిళ్లు వోల్టేజీ నిలకడగా ఉండదు. చుట్టూ రొయ్యల చెరువులు. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుందని ఏరియేటర్లు అప్పుడే ఎక్కువ తిప్పుతారు. ఆ హెచ్చుతగ్గులు ఎంత చేశాయో నేను కొలవలేదు, వేడి మాత్రం కచ్చితంగా చేసింది. కొద్దికొద్దిగా ఆరిపోతున్నా వెచ్చగా ఉన్నంతకాలం ఎలాగో నెట్టుకొచ్చింది. ఆ రాత్రి యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోయి పూర్తిగా చల్లారింది. అంతే.

"ఇది మార్చేస్తే నడుస్తుందమ్మాయ్, పాతిక రూపాయల పని. కానీ పక్కది కూడా ముసలిదే. పెళ్లి కార్డులు దీని మీద పెట్టుకోకు. కొత్తది తెచ్చుకో" అన్నారు. పని వచ్చిన మనిషి తన పని వద్దని చెప్పడం నేనెప్పటికీ మర్చిపోను. డబ్బులిస్తే తీసుకోలేదు.

కొత్త ఎస్‌ఎంపీఎస్ కోసం మర్నాడు అమలాపురం వెళ్లాను. బస్సులో రాజోలు, మామిడికుదురు, బోడసకుర్రు వంతెన. ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం అయిన ఊరు, అప్పటికే రద్దీ పెరిగిపోయింది. షాపులో రెండు రకాలు చూపించారు. ఒకటి ఏడు వందలు, పేరు లేనిది, డబ్బా మీద 450 వాట్లని పెద్దగా ఉంది. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, ఖాళీ డబ్బాలా ఉంది. ఇంకోటి రెండు వేల చిల్లర, మూడేళ్ల గ్యారంటీ. స్టిక్కరు మీద 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లో, స్టాండ్‌బై ఎన్ని ఆంపియర్లో విడివిడిగా చదివాను. పేరులో ఉన్న వాట్ల అంకె కంటే ఆ పట్టికే నిజం. రెండోది తీసుకున్నాను. ప్రాసెసర్ దగ్గర పెట్టే నాలుగు పిన్నుల కనెక్టరు మా బోర్డుకి సరిపోయేది ఉందో లేదో కూడా అక్కడే చూసుకున్నాను. అది మర్చిపోతే ఇంటికొచ్చాక మళ్లీ బస్సెక్కాలి.

బిగించడం పెద్ద పనేమీ కాదు. విప్పేముందు ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకున్నాను, వాటిని చూస్తూ ఏ వైరు ఎక్కడిదో అక్కడ పెట్టాను. పెద్ద కనెక్టరు, ప్రాసెసర్ దగ్గరి చిన్నది, హార్డ్ డిస్క్‌ది. ముందు ఊదా వైరు చూశాను, బోర్డుకి తగిలించి ఉండగానే. 5.02. బోర్డు బ్యాటరీ కూడా చూశాను, 2.9 ఉంది, సరే అని వదిలేశాను.

రాత్రి తొమ్మిదైంది. మా ఆయన, ఇంటర్ చదివే మా అమ్మాయి ఇద్దరూ పక్కనే నిలబడ్డారు. బటన్ నొక్కమని అమ్మాయికే చెప్పాను.

బీప్.

ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగా ఉండి, తెల్ల అక్షరాలు వచ్చి, విండోస్ పాట వినపడింది. నేను నేరుగా పేజ్‌మేకర్ తెరిచి కార్డు ఫైలు మీద నొక్కాను. 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు' మూడూ వాటి స్థానాల్లో ఉన్నాయి. ఇంటిపేరులో ఆ ఒక్క అక్షరం దిద్దాను. ట్రేసింగ్ పేపర్ పెట్టి ప్రింటు తీసేసరికి పది దాటింది. మర్నాడు పంటు మొదలవలేదు, పాలకొల్లు వెళ్లే పాల వ్యాను అబ్బాయి చేతికిచ్చి పంపాను. కార్డులు నాలుగో రోజుకి వచ్చాయి. పిల్ల తండ్రి మొదటి కార్డు నా చేతిలోనే పెట్టి, భోజనానికి రమ్మని చెప్పి వెళ్లారు.

ఇప్పుడు నా బల్ల సొరుగులో మూడు వందల రూపాయల పసుపు మీటర్ ఒకటి, ఆ తెల్ల రెసిస్టర్ ఒకటి ఉంటాయి. రెసిస్టర్ బాబాయ్ గారిదే, తిరిగి ఇవ్వబోతే "నీ దగ్గరే ఉంచు" అన్నారు. రాత్రి షాపు మూసేటప్పుడు కంప్యూటర్ వైపు గోడ స్విచ్చి ఆపేస్తున్నాను. కార్డుల ఫోల్డరు ప్రతి శనివారం వేరే డిస్క్‌లోకి ఎక్కిస్తున్నాను. పోయిన నెలలో మా వీధి చివర స్కూలు ఆఫీసులో కంప్యూటర్ లేవడం లేదని, బోర్డు పోయిందన్నారని చెబితే, ఆ మీటర్, ఆ రెసిస్టర్ పట్టుకుని వెళ్లాను. అక్కడ ఊదా వైరు బరువు మీద కూడా 5.04 చూపించింది, పచ్చ వైరు బటన్ నొక్కినా కిందికి రాలేదు, స్క్రూడ్రైవర్‌తో పిన్నులు కలిపితే వెంటనే లేచింది. బటన్ లోపల తుప్పు. పాత క్యాబినెట్‌లోంచి ఇంకో బటన్ తీసి వైర్లు మార్చి ఇచ్చి వచ్చాను.